చావు లేని వేషం

ఆయన చావని చావు లేదు. కొండ మీంచి దొర్లాడు, రైలు కింద పడ్డాడు, నమ్మిన అనుచరుడి చేతే కత్తిపోటు తిన్నాడు, ఒకసారైతే ఐసు ఫ్యాక్టరీలో నిలువునా గడ్డకట్టాడు. నిప్పులో, నీళ్ళలో, లిఫ్టులో, ఆఖరికి తను లంచాలు తిని కట్టించిన గోడ కిందే పడి కూడా పోయాడు. ఇలా పోయిన ప్రతిసారీ సాయంత్రానికి మొహం కడుక్కుని, నడుం పట్టుకుని ఇంటికొచ్చి చెప్పులు విప్పేవాడు. "ఇవాళ ఎలా పోయారు?" అని భార్య అడిగేది, వేరే ఇళ్ళలో ఆఫీసు పనెలా ఉందని అడిగినట్టు. "మెట్ల మీంచి," అనేవాడు. ఆవిడ వేడినీళ్ళ సంచి తెచ్చి నడుము కింద పెట్టేది.

వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ విలన్‌గారే. "విలన్‌గారూ, మీ కుళాయి కారుతోంది." "విలన్‌గారూ, రెండ్రోజులు ఊరెళ్తున్నాం, తాళంచెవి మీ దగ్గరుంచుతాం." ఇంటి తాళాలు విలన్ చేతిలో పెట్టి నిశ్చింతగా ఊళ్ళు తిరిగొచ్చే వీధి అది. నిజానికి నోట్లో నాలుక లేని మనిషి. బేరమాడటం చేతకాదు. కూరగాయలకని పంపిస్తే సంచి అడుగున సగం మెత్తబడ్డ టమాటాలు పోయించుకొచ్చి భార్య చేత చివాట్లు తినేవాడు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు. ఈయన రెండు చోట్లా పిల్లే. పులితనమంతా కెమెరా ముందే ఖర్చయిపోయేది.

కానీ ఆ పులితనం చూసి తీరాల్సిందే. అప్పటి విలన్లు చాలామంది అరిచేవాళ్ళు. గుడ్లురిమి, పళ్ళు కొరికి, ఎదురుగా ఉన్నవాడి మీద తుంపర్లు పడేలా అరిచేవాళ్ళు. ఈయన అరవలేదు. విలన్ అరిస్తే జనానికి చెవినొప్పి తప్ప ఏమీ మిగలదని ఈయన సిద్ధాంతం. విలన్‌కి తన పని మీద ఇష్టముండాలి. హీరో ఎలాగూ ఏడుస్తూ కష్టపడతాడు, కనీసం ఒక్కడైనా ఆ సినిమాలో హాయిగా ఉండాలి కదా! అందుకని ఈయన చంపబోయేవాడికి ముందు కుర్చీ వేసేవాడు. "ఎండలో వచ్చినట్టున్నావు, మంచినీళ్ళు తాగు," అనేవాడు. ఇంట్లో అందరూ కులాసాయేనా అని అడిగేవాడు, జవాబు నిజంగా కావాలన్నట్టు వినేవాడు. ఆ తరవాత కళ్ళజోడు తీసి, జేబురుమాలుతో ఒక్కో అద్దం నెమ్మదిగా తుడిచి, వెలుగుకి పట్టి చూసి, మళ్ళీ పెట్టుకునేవాడు. అంతే. హాల్లో ముందు నవ్వు లేచేది, ఆ నవ్వు మధ్యలోనే గొంతులో ఆగిపోయేది. పాటకి బయటికెళ్ళిన జనం విలన్ కారు హారన్ వినపడగానే సగం సిగరెట్లు పారేసి పరిగెత్తుకొచ్చేవాళ్ళంటే అబద్ధం కాదు.

ఆ కళ్ళజోడు విద్య ఆయన సొంతం కాదు. తల్లి దగ్గర కొట్టేసింది.

ఆవిడ లెక్కల టీచరు. ఎన్నడూ ఎవర్నీ కొట్టలేదు, గొంతు పెంచలేదు. క్లాసులో గోల లేస్తే సుద్దముక్క బల్ల మీద పెట్టి, కళ్ళజోడు తీసి, తుడిచి, వెలుగుకి పట్టి చూసి, పెట్టుకుని, "ఎవరు నాన్నా మాట్లాడింది?" అని వెన్న రాసినట్టు అడిగేది. వెనక బెంచీల్లో పిల్లలకి కాళ్ళలో వణుకు పుట్టేది. ఆ వెనక బెంచీలో వణికినవాళ్ళలో ఈయనా ఒకడు. సొంత కొడుకని ఆవిడ ఒక మార్కు కూడా ఎక్కువ వేసింది లేదు.

ఆయన మొదటి పెద్ద సినిమాకి ఆవిడ హాలుకొచ్చింది. కళ్ళజోడు సీను అయిపోగానే కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్, అది నేనే కదరా?"

"నువ్వేనమ్మా."

ఆవిడ ఎంత నవ్విందంటే ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆ రోజు నుంచీ కొడుకు సినిమాలన్నిటికీ ఆవిడే మొదటి ప్రేక్షకురాలు. చివర్లో కొడుకు పోవడం ఆవిడకి బాధే కాదు. "ఆఖరి పావుగంటతో నాకు పనిలేదురా," అనేది. "తప్పు చేసినవాడికి సున్నా పడాలి, పడింది. అప్పటిదాకా మాత్రం నువ్వే క్లాసు ఫస్టు."

అంత లెక్క తెలిసిన మనిషికి పెద్దతనంలో లెక్క తప్పడం మొదలైంది. ముందు పొయ్యి మీద పాలు మరిచిపోయింది. తరవాత వారాలు మరిచిపోయింది. భర్త పోయి ఏళ్ళయిన సంగతి మరిచి, ఆయనింకా రాలేదేమని వీధి వైపు చూస్తూ కూర్చునేది. వీటన్నిటితో ఎలాగో సర్దుకుపోయారు. చివరికి టీవీలో జరిగేది టీవీలోనే జరుగుతోందన్న సంగతి కూడా మరిచిపోయింది. అక్కడ మొదలయ్యాయి అసలు కష్టాలు.

ఒకరోజు మధ్యాహ్నం భార్య పెరట్లో బట్టలు ఆరేస్తోంది. అత్తగారు గోడ పట్టుకుని మెల్లగా నడిచొచ్చింది. కోడలి చేతిలోంచి తడి దుప్పటి తీసి పక్కన పడేసి, ఆవిణ్ణి మెట్టు మీద కూర్చోబెట్టి, రెండు చేతులూ పట్టుకుంది.

"తల్లీ, నువ్వు ధైర్యంగా ఉండాలి."

"ఏమైందత్తయ్యా?"

"వాడు పోయాడమ్మా. నేను నా కళ్ళతో చూశాను. ఎవరో నెట్టేశారు." అని ఆవిడ పంటి బిగువున దుఃఖం ఆపుకుంది. "నేనున్నాను నీకు. నా పెన్షన్ ఉంది. భయపడకు."

ఫోనేదో వచ్చుంటుంది, తను విని ఉండదనుకుంది కోడలు. తడి చేతులతోనే మొగుడికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఆయన వేషాలూ తారీకులూ చూసే మేనేజరు ఎత్తాడు. మంచివాడే కానీ సమయం సందర్భం తెలియని మనిషి.

"సార్ ఇప్పుడు చచ్చిపోతున్నారమ్మా," అన్నాడు. "కాసేపాగి చేయించనా?"

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ క్షణంలో ఆ ఇల్లాలు పడ్డ బాధ పగవాళ్ళకి కూడా వద్దు. లోపల టీవీలో ప్రకటనలు వస్తున్నాయి. అది పాత సినిమాల ఛానలని చూశాక గానీ ఆవిడకి విషయం అర్థం కాలేదు.

సాయంత్రం ఆయన చెవి వెనక ఎర్రరంగు పూర్తిగా పోకుండానే ఇంటికొచ్చాడు. గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో తల్లి లేచొచ్చి రెండు భుజాలూ పట్టుకుంది. తల తడిమింది, మెడ తడిమింది, చేతివేళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూసింది. "వచ్చావా నాన్నా! నువ్వు పోయావని చెప్పారురా ఎవరో. నోళ్ళు పడిపోనూ!" అని గట్టిగా కావలించుకుంది. ఆయన నడుము కలుక్కుమంది. "నాకేమయిందమ్మా, రాయిలా ఉన్నాను," అని నవ్వాడు. తెల్లారేసరికి ఆవిడ అంతా మరిచిపోయింది.

మరిచిపోయింది కాబట్టి మళ్ళీ జరిగింది. ఆయన పాత సినిమాలు ఏదో ఒక ఛానల్లో నిత్యం తిరుగుతూనే ఉంటాయి. ఒకసారి చూసిన చావు రెండోసారి చూస్తే మనకి అలవాటవుతుంది. ఆవిడకి రెండోసారనేది లేదు. ప్రతిసారీ అదే మొదటి కబురు, అదే మొదటి ఏడుపు. పగలంతా పని చేసేచోట చచ్చి, సాయంత్రం ఇంటికొచ్చి బతికున్నానని రుజువు చేసుకోవడం. ఆయనకి తల ప్రాణం తోకకొచ్చేది.

టీవీ కట్టేసి చూశారు. ఆవిడ నల్లటి తెర ఎదురుగా కూర్చుని, "మావాడు రాలేదేం?" అని పొద్దుగూకేదాకా అడిగింది. ఆవిడకి మిగిలిన సంతోషమల్లా అదొక్కటే. కొడుకు తెర మీదికి రాగానే కుర్చీ అంచుకి జరిగేది, అతను ఎవర్నో కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వగానే "అయిపోయాడు వీడు!" అని చప్పట్లు కొట్టేది. ఆ రెండు గంటలూ తీసేస్తే ఆవిడ రోజులో ఇంకేముంది? పాము చావకూడదు, కర్ర విరగకూడదు.

అందుకని కోడలు కొత్త విద్య నేర్చుకుంది. ఖాళీ డ్రమ్ములున్న గోడౌను కనపడిందంటే ముగింపు దగ్గరపడినట్టే. హీరో తల్లినో చెల్లెల్నో కుర్చీకి కట్టేశారంటే ఇంకా దగ్గర. ఆవిడ చేస్తున్న పని వదిలేసి పరిగెత్తి ప్లగ్గు పీకేసేది.

"కరెంటు పోయిందత్తయ్యా."

"అయ్యో! వాడు గెలిచాడా?"

"గెలిచాడు."

"ఎప్పుడూ వాడే గెలుస్తాడేమే?" అనేది అత్తగారు అనుమానంగా. "లెక్కెక్కడో తప్పింది."

ఎంత మరిచినా టీచరమ్మ టీచరమ్మే. చివరికేమైందో తేలక సాయంత్రం వరకూ వేగిపోయేది. ఇల్లంతా తిరుగుతూ, అడిగిందే అడుగుతూ, కోడలి ప్రాణం తీసేది.

వాళ్ళ పనిలో ఒక ఆచారముంది. ఎవరైనా చనిపోయే సీను తీశాక కెమెరా వెంటనే ఆపరు. శవంగా పడున్నవాణ్ణి లేపి, కెమెరాలోకి చూసి ఒక్కసారి నవ్వమంటారు. మనిషి ఆఖరి బొమ్మ శవంగా ఉండిపోకూడదని నమ్మకం. ఒళ్ళు హూనమై, ఎర్రరంగు కళ్ళలో కారుతున్నా సరే, నవ్వి తీరాలి. ఆ ముక్క తరవాత కత్తిరించి పారేస్తారు. ఆయనకి అది గుర్తొచ్చింది. ఎడిటరు దగ్గరికెళ్ళి బతిమాలి, ఈమధ్య తను పోయిన సినిమాలోంచి ఆ నవ్వు ముక్క తెచ్చుకున్నాడు. తల్లికి ముందు చావు చూపించి, వెంటనే నవ్వు చూపించాడు.

"చూశావా అమ్మా? లేచాను. నవ్వుతున్నాను."

ఆవిడ ఆ బొమ్మని చాలాసేపు చూసింది. "బాగా పడిందిరా ఫోటో," అంది కళ్ళు తుడుచుకుంటూ. "పోయినవాళ్ళ ఫోటోలన్నీ నవ్వుతూనే ఉంటాయి."

ఆయన తలెత్తి చూశాడు. ఎదురుగా గోడ మీద తండ్రి ఫోటో ఉంది, నవ్వుతూనే.

ఆ తరవాత ఎవరూ చావుల జోలికి పోలేదు. కోడలు ప్లగ్గు దగ్గర కాపలా ఇంకా పకడ్బందీ చేసింది. నెలలు గడిచాయి, ఒక్క చావు కూడా అత్తగారి కంట పడలేదు. ఇల్లు కాస్త తెరిపిన పడింది. సరిగ్గా ఆ తెరిపిలోనే ఆవిడ కొడుకుని 'మీరు' అనడం మొదలుపెట్టింది.

మొదటిసారి ఆయన కాఫీ ఇస్తుంటే, "మీకెందుకండీ శ్రమ?" అంది. పై వాటాలో ఉండే పెద్దమనిషనుకుంది. జుట్టు నెరిసి, నడుం వంగి, మెత్తమెత్తగా మాట్లాడే ఈ ముసలాయన తన కొడుకెలా అవుతాడు? ఆవిడ కొడుకు తెర మీద ఉన్నాడు, దర్జాగా కాలు మీద కాలేసుకుని. ఆయన ఆ రోజు స్నానాల గదిలోకెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాడు. ఎన్ని రకాలుగా చచ్చినా అంత నొప్పి ఎప్పుడూ తెలియలేదు. జబ్బు ముదిరిందని డాక్టరు అన్నాడు. ఇంట్లోవాళ్ళూ అదే అనుకున్నారు.

"నా వల్ల కాదండీ," అంది భార్య ఒకరోజు ప్లగ్గు చేతిలో పట్టుకునే. "నాకూ మోకాళ్ళు నొప్పులు. వంటగదిలోంచి పరిగెత్తలేను. మీరు చివరిదాకా బతికుండే సినిమా ఒక్కటుంటే తెచ్చి పెట్టకూడదూ? ఆవిడకి ఎలాగూ గుర్తుండదు. రోజూ అదే వేస్తాను, ప్రశాంతంగా చివరిదాకా చూస్తారు. చూడగా చూడగా మిమ్మల్నీ గుర్తుపడతారేమో."

ఎంత చక్కని ఆలోచన! ఒక్క సినిమా చాలు, జీవితాంతం కొత్తదే. ఆయన ఆ సాయంత్రం కూర్చుని తన సినిమాలన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాడు. ఒకదాంట్లో జైలుకి పంపారు, కానీ దారిలోనే వ్యాను లోయలో పడింది. ఒకదాంట్లో బుద్ధి తెచ్చుకుని మంచివాడైపోయాడు, అయిన మరునిమిషమే హీరోకి తగలాల్సిన గుండు తను తిన్నాడు. ఇంకోదాంట్లో పిచ్చాసుపత్రిలో వేశారు. అది గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది కానీ, ఆసుపత్రి మేడ మీంచి దూకింది తనేనని ఆ తరవాత గుర్తొచ్చింది. అంత సర్వీసులో చావు తప్పిన సినిమా ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆయనకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మర్నాడు మేనేజరుకి చెప్పాడు. "చావని వేషం ఒకటి చూడు."

"విలన్ చావకపోతే జనం ఊరుకుంటారా సార్?"

"విలన్ కాకపోయినా పర్లేదు. చిన్నదైనా పర్లేదు. చివరి సీన్లో నేను ఊపిరి పీలుస్తుండాలి. అంతే."

మేనేజరు నెత్తి కొట్టుకున్నాడు. అప్పుడే పెద్ద సినిమాలో వేషం ఒకటి వచ్చి ఉంది. ఓడరేవు మొత్తాన్ని గుప్పెట్లో పెట్టుకున్న విలన్, క్రేను మీంచి పడి చావడం. "ఆ క్రేను సీను కోసమే జనం ఎగబడతారు సార్," అని బతిమాలాడు. ఈయన వినలేదు. నోట్లో నాలుక లేనివాళ్ళు మొండికేస్తే ఆ మొండితనం ముందు ఏనుగులు కూడా ఆగిపోతాయి. క్రేను ఇంకొకరికి పోయింది.

నెలల తరబడి వెతికాక ఒక చిన్న సినిమా దొరికింది. తీసేది ఒక అమ్మాయి, ఆమెకి అదే మొదటిది. వేషం గడియారాలు బాగుచేసే తాత. వీధిలో పిల్లలకి కథలు చెబుతాడు, కథానాయికకి ధైర్యం చెబుతాడు, చివర్లో కిటికీ దగ్గర కూర్చుని వాన చూస్తాడు. ఎవరూ చంపరు. చంపాల్సిన అవసరం ఎవరికీ రాదు.

మంచితనమంత విసుగు పుట్టించే పని ఇంకోటి లేదని ఆయనకి మొదటిరోజే తెలిసొచ్చింది. విలన్‌కి ఎప్పుడూ ఏదో పనుంటుంది, మంచివాడు వింటూ కూర్చోవాలి. తల ఊపాలి. నిట్టూర్చాలి. మళ్ళీ తల ఊపాలి. చెయ్యి దానంతటదే కళ్ళజోడు మీదికి పోయేది.

"సార్, కళ్ళజోడు ముట్టుకోకండి సార్, ప్లీజ్," అనేది దర్శకురాలు. "మీరు కళ్ళజోడు తీస్తే జనం ఎవరో పోతారనుకుంటారు."

"అద్దం మసకగా ఉందమ్మా."

"మసకగానే ఉండనివ్వండి సార్."

అలా మసక అద్దాల్లోంచే ఆయన ఆ సినిమా మొత్తం మంచివాడిగా ఉన్నాడు. సినిమా వచ్చింది, పోయింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆయనకి కావలసింది జనం కాదు. ఒక కాపీ తెచ్చుకున్నాడు, ఒక మధ్యాహ్నం టీవీకి పెట్టాడు. తల్లి తన కుర్చీలో కూర్చుంది. పక్కన కుర్చీలో ఆయన. భార్య చాలాకాలానికి ప్లగ్గుకి దూరంగా, కాళ్ళు చాపుకుని సోఫాలో కూర్చుంది.

గడియారాల తాత తెర మీదికొచ్చాడు. తల్లి చూసింది. కుర్చీ అంచుకి జరగలేదు. తాత పిల్లలకి కథ చెప్పాడు. ఆవిడ ఆవలించింది. తాత తల ఊపాడు. ఆవిడ పక్కకి తిరిగింది.

"ఎవరండీ ఈ పెద్దాయన? పాపం, మంచివాడిలా ఉన్నాడు."

"అవునండీ," అన్నాడాయన.

"మావాడెప్పుడొస్తాడు?"

"వస్తాడు. చూడండి."

ఆవిడ చూసింది. ఓపిగ్గా చివరిదాకా చూసింది. తాత కిటికీ దగ్గర కూర్చుని వాన చూశాడు, ఊపిరి పీల్చాడు. సినిమా అయిపోయి పేర్లు వస్తుంటే ఆవిడ మొహంలో కంగారు మొదలైంది.

"మావాడు రాలేదు." ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకుంది. "మొత్తం చూశానండీ, ఎక్కడా లేడు. ఎప్పుడూ ఇలా జరగలేదు. వాడికేమైనా అయిందా? మీకు తెలిస్తే దాచకండి బాబూ, చెప్పేయండి."

ఆయన ఏం చెబుతాడు? జీవితంలో ఒక్కసారి చావకుండా ఉందామని చూస్తే, ఆ ఒక్కసారే తల్లికి కనపడకుండా పోయాడు.

భార్యే లేచింది. "ఈ మంచితనం మనకొద్దు," అని విసుగ్గా ఛానళ్ళు మార్చింది. ఒకదాంట్లో ఆయన పాత సినిమా సగంలో ఉంది. తెర మీద ఆయన ఎవరికో కుర్చీ వేస్తున్నాడు. "ఎండలో వచ్చినట్టున్నావు..."

"వచ్చాడు!" తల్లి కుర్చీ అంచుకి జరిగింది. పక్కనున్న పెద్దమనిషి మోకాలి మీద ఒక్క చరుపు చరిచింది. "చూశారా, మావాడే! ఇప్పుడు కళ్ళజోడు తీస్తాడు చూడండి. అది నా దగ్గర నేర్చుకున్నదే."

ఆయన చూశాడు. తను ఏనాడూ తన సినిమాలు అంత దగ్గరగా చూడలేదు. ఆ మనిషి పనిని ఎంత ఇష్టపడుతున్నాడో! తల్లి ఎంత వెలిగిపోతోందో! ఇంతలో ఖాళీ డ్రమ్ముల గోడౌను వచ్చేసింది. భార్య మోకాళ్ళు పట్టుకుని లేవబోయింది.

"ఉండనీ," అన్నాడాయన.

"ఏమండీ, వద్దు."

"ఉండనీ. ఏమైందో తెలియక ఆవిడ వేగిపోతోంది."

తెర మీద ఆయన డ్రమ్ముల మధ్య వెల్లకిలా పడ్డాడు. తల్లి నోటి వెంట చిన్న శబ్దం వచ్చింది. తరవాత ఏడ్చింది. కోడలు దగ్గరికెళ్ళి పట్టుకున్నా ఆగలేదు. ఆయనకి చూడబుద్ధి కాలేదు. లేచి వంటగదిలోకెళ్ళాడు, గ్లాసులో నీళ్ళు పట్టాడు. ఆ నీళ్ళతో తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, నీళ్ళు."

ఆవిడ తలెత్తింది. కన్నీళ్ళ మధ్య నుంచి వెతుకుతున్నట్టు చూసింది.

"ఒరేయ్! నువ్వా?"

గ్లాసు ఎక్కడ పడిందో ఎవరూ చూడలేదు. ఆవిడ భుజాలు తడిమింది, మెడ తడిమింది, వేళ్ళు తడిమింది. "వచ్చావా నాన్నా! నువ్వు పోయావని ఏడుస్తున్నానురా. ఇందాక ఇక్కడో పెద్దాయన కూర్చున్నాడు, వస్తాడు చూడండి అన్నాడు గానీ ఒక్క ముక్క నిజం చెప్పలేదు. మంచివాడే పాపం, కానీ నంగనాచి!" అని కోపం తెచ్చుకుంది. ఎందుకిలా చిక్కిపోయావంది. ఈ జుట్టేంటి, దువ్వెన లేదా అంది. కూర్చోబెట్టి తలంతా సవరించింది. ఆయన నేల మీద కూర్చుని, ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టుకుని, చిన్నపిల్లాడిలా అన్నిటికీ "అవునమ్మా, అవునమ్మా" అంటూ ఉండిపోయాడు.

అప్పుడు అర్థమైంది ఆయనకి. ఆవిడ తనని మరిచిపోవడం మొదలైంది చావులు ఆపేసిన తరవాతే. ఇంట్లో తిరిగే మనిషిని ఎవరు వెతుకుతారు? పోయాడని తెలిసినప్పుడే ఆవిడ వెతుక్కుంటోంది, వెతుక్కుంటేనే దొరుకుతున్నాడు. జబ్బుకి అలాంటి లెక్క ఉంటుందో లేదో డాక్టరు చెప్పాలి. తల్లి చెయ్యి తల మీద ఉన్న మనిషికి డాక్టరుతో పని లేదు.

దీపాలు పెట్టే వేళకి ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. నేల మీదున్నాయన్ని చూసి నొచ్చుకుంది. "అయ్యో, కింద కూర్చున్నారేంటండీ? కుర్చీ వేసుకోండి."

భార్య ఆయన్ని పక్కకి పిలిచింది. ఆవిడ కళ్ళు కూడా వాచి ఉన్నాయి. "నేనా ఏడుపు చూడలేనండీ. నిజంగా పోయినట్టే ఏడుస్తారు. అంత ఏడిపించి ఈ కాసేపటి కోసం..."

"నాకూ తెలుసు," అన్నాడాయన. "తప్పే. కానీ నాకు కావాలి."

పాతికేళ్ళకు పైగా ఆయనతో కాపురం చేసిన మనిషికి ఆయన నోట 'నాకు కావాలి' అన్న మాట వినడం అదే మొదటిసారి. ఆవిడ వెళ్ళి టీవీ కట్టేసింది.

అంతలో ఫోన్ మోగింది. మేనేజరు. గొంతు భయం భయంగా ఉంది. "సార్, ఒక వేషం వచ్చింది. మీరొద్దంటారని తెలుసు. మామూలు విలనే. మీ కళ్ళజోడు సీను కోసమే అడుగుతున్నారు. కానీ చివర్లో మరి... పోతారు సార్. నేను వద్దని చెప్పేస్తాలెండి."

"ఎలా పోతాను?"

"కార్లో సార్. పేలిపోతుంది. దూరం నుంచి తీస్తారట, డూపుతో. మీకు ఒళ్ళు నొప్పి కూడా ఉండదు."

ఆయన గదిలోకి చూశాడు. తల్లి నల్లటి తెర ఎదురుగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది.

"కారు వద్దు," అన్నాడు. "దగ్గర్నుంచి తీయమను. నా మొహం బాగా కనపడేలా చంపమను. మా అమ్మ చూడాలి."